చెల్క తాడు, రేగడి తాడు

నాసిక్‌ల మూడేండ్లు నాది ముక్కు పని.
తెల్లకోటు తొడుక్కొని, గ్లాసు వంచి, తిప్పి,
వాసన పట్టి చీటీ మీద రాయాలె:
షెనిన్ బ్లాంక్ – దోర జామకాయ, తడిసిన గడ్డి.
షిరాజ్ – మిరియం, ఎండిన నేరేడు, ఎనక కొంచెం పొగ.
మింగొద్దు. పుక్కిలించి ఉమ్మాలె.
నా మొదటి జీతమంతా ఉమ్మి సంపాదించిందే.

పండు కంటే కింది మట్టే పెద్దదని
పెద్దసారు దినాం చెప్పేటోడు.
గుట్టకు ఇవతలి గుత్తి వేరు, అవతలి గుత్తి వేరట.
ఈ మాట ఎక్కడో విన్ననే, ఎక్కడో విన్ననే అనుకుంట
తల ఊపేదాన్ని.
పరకాలల బస్సు దిగినంక యాదికొచ్చింది.
ఓదెలు మామ నోట్లెనే.

"చెల్క తాడు తియ్యగుంటది బిడ్డా.
రేగడిది బరువు, తాగినంక మాట్లాడనియ్యది.
చెరువు కిందిది నీళ్లు తాగి నీళ్లే ఇస్తది,
దాన్ని నమ్మరాదు."

చీకటితోనే పోయినం.
నడుముకు ముస్తాదు, భుజాన మోకు.
మామ ఎక్కుడు మొదలువెడితే
మానుకూ మనిషికీ నడుమ మోకొక్కటే మాట్లాడుతది,
కిర్రు కిర్రున.
ఛాతి మీద మందంగ, నల్లగ కాసిన తోలు.
ఏ బడిలనూ రాయని లెక్క అది.

తాళ్లకు పేర్లున్నయి.
మొండిది. పెద్దక్క. సర్కారు బాయిది.
ఒకటి దొంగది, లొట్టి కట్టినప్పుడల్లా
ఉడుతలతోటి పొత్తు పెట్టుకుంటదట.
ఒకదానికి పేరు లేదు.
దాని మీదికెల్లి రాజేలు చిన్నాయిన పడ్డడు.
దాని పక్క నుంచి నడిచేటప్పుడు మామ
బీడీ ఆర్పిండు, అంతే.

నేను తెచ్చిన సీస తీసిన.
తాటి రేకల పోసిన షిరాజ్‌ను
మామ చాలాసేపు చూసిండు, నెత్తురు చూసినట్టు.
తాగిండు. ఉమ్మలే.
మా కంపెనీల ఆ పని చేస్తే నవ్వుతరు.
"నీళ్లకు ఏడ్సిన చెట్టు ఇది" అన్నడు.
"వగరు చూడు, వేరు లోపలికి పోయి పోయి
రాయిని నాకింది."
సీస మీది సాలు చదివిన.
ట్యాంకర్లతోని తోటను బతికించిన ఏడు అది.
నేనేం చెప్పలే.

ఇగ నా వంతు. కండ్లు మూసుకోమన్నడు.
మొదటి రేక: నురగల తేనెటీగ రెక్క తగిలింది పెదవికి.
తేట తీపి, ఎనక ఉడికిన జొన్న వాసన.
"చెల్క. పెద్దక్క" అన్న.
మామ గొంతుల నవ్వు మెదిలింది.
రెండోది: పాత కుండ పులుపు, ఇనుము,
గొంతు దిగినంక కూడా కూసున్నది కదలక.
"రేగడి. మొండిది."
మూడోది నోట్లె పోసుకున్న.
తీపి ఉన్నది. నురగ ఉన్నది. తెలుపు కూడా అదే.
మట్టి కోసం వెతికిన, వాన కోసం వెతికిన,
ఎండ కోసం, ఉడుత కోసం, మనిషి చెమట కోసమన్నా వెతికిన.
మూడేండ్ల ముక్కు ఉత్తగ వెనక్కి వచ్చింది.
మూడేండ్ల అలవాటు, ఉమ్మేసిన.

"మామా, దీనికి చెట్టు లేదు."

చాలాసేపు ఏం అనలే ఆయన.
"టౌన్ల డిపోది" అన్నడు ఎనక.
"సంచిల పొడి, డ్రమ్ముల నీళ్లు.
నా కొడుకు అండ్లనే పని చేస్తడు.
తాళ్లెక్కుడు రాదని కాదు, వచ్చు.
నెలకు ఇంతని ఇస్తరు ఆడ."

గుడాలు తిన్నం.
పొద్దు ఎక్కింది, మోకు నీడకు ఏసిండు.
నేను చీటీ తీసి రాయవోయిన, పెన్ను ఆడలే.

లేసేటప్పుడు కిందికి చూసిన.
పెద్దక్క చుక్క పడ్డ కాడ చీమలు,
మొండిది పడ్డ కాడ చీమలు, బారు కట్టి.
మూడోది తడిగనే ఉన్నది.
ఒక్క చీమ దాని అంచుదాక వచ్చి
మీసం ఆనిచ్చి చూసి
చుట్టు తిరిగి పోయింది.